ఇచ్చట చేపలు పడును

సింగచెరువు కట్ట మీద, సిమెంటు బెంచీలు వేసిన చోట, ఒక పెద్ద బోర్డు ఉంది. దాని మీద నా ఫొటో ఉంది. రెండు చేతుల్లో ఒక బొచ్చె చేప, మొహం మీద పెళ్లికొడుకు నవ్వు. కింద 'నగరపాలక సంస్థ అధీకృత మత్స్యస్థల సలహాదారు శ్రీ దూడం సుదర్శనం' అని రాసి ఉంటుంది. ఆ ఫొటోలో ఉన్న మనిషిని నేనే. చేప మాత్రం నాది కాదు.

నేను నగరపాలక సంస్థలో సీనియర్ అసిస్టెంటును. ఇళ్ల నంబర్ల ఫైళ్లు చూస్తాను. ఆదివారం ఆదివారం గాలం కర్ర స్కూటరుకు కట్టుకుని చెరువుకు పోవడం నా అలవాటు. చేపలు తీసుకుని రావడం అలవాటు లేదు. పోయేటప్పుడు ఒక పెద్ద గుడ్డసంచి కూడా తీసుకుపోతాను. తిరిగొచ్చేటప్పుడు ఆ సంచి ఖాళీగా ఉంటే బాగుండదని దారిలో కూరగాయలు కొనుక్కొస్తాను. మా అనసూయ సంచి అందుకుని లోపలికి చూసి, "ఈ వారం సొరకాయ పడ్డదా? మంచిగ లేతగున్నది. ఏం ఎర పెట్టినవ్?" అంటుంది. నేను వినపడనట్టు కాళ్లు కడుక్కుంటాను.

చెరువు పడమటి మూలన పాత తూము ఉంది. అక్కడ నీళ్లు సన్నగా లోపలికి చొచ్చుకువచ్చి ఉంటాయి, అవతలి గట్టు మీద మనిషి దగ్గినా ఇవతల వినపడుతుంది. తూము పక్కన ఇద్దరు కూర్చునేంత బల్లపరుపు రాయి ఒకటి ఉంది. ఒక కొసన నేను, రెండో కొసన యాకూబ్ భాయ్. ఆయన బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. చేపలు పట్టడంలో ఆయనా నాలాంటివాడే. అప్పుడప్పుడు వేలెడంత జిలేబి చేపలు పడేవి, వాటిని మళ్లీ నీళ్లలోకి వదిలేసేవాళ్లం. కానీ ఆయన ఏనాడూ సంచి తేలేదు.

"ఒక్క పెద్ద బొచ్చె పడాలె సారూ," అనేవాడు. "మొప్పల్ల వేళ్లు పెట్టి, గల్లీ మొదట్ల నుంచి ఇంటిదాంక అట్లనే చేతుల పట్టుకొని నడుస్త. అందరు చూడాలె. సంచిల పెడితె ఎవలకు కనబడ్తది?" బతుకంతా వేరేవాళ్లను వాళ్ల వాళ్ల ఊళ్లలో దింపినవాడికి, తన గల్లీలో తాను ఒక్కసారి అలా నడవాలని కోరిక. అంతకు మించి ఆయన ఏమీ అడగలేదు.

ఇక్కడ మా గాలమేసేవాళ్ల మర్యాద ఒకటి చెప్పాలి. చెరువు దగ్గర ఎవరైనా వచ్చి "ఎక్కడ పడుతున్నాయి?" అని అడిగితే చెప్పనంటే కుదరదు, అది పొగరు. అలాగని నిజం చెబితే మన చోటు పోతుంది. కాబట్టి చేపలు పడని చోటు చెప్పాలి. అడిగినవాడు "అట్లనా" అని తలూపి, ఆ చోటుకు మాత్రం పోకూడదు. ఇద్దరికీ గౌరవంగా ఉంటుంది. నలుగురిని అడిగి, వాళ్లు చెప్పిన చోట్లన్నీ వదిలేస్తే ఎక్కడ పడతాయో కాస్తో కూస్తో తెలిసిపోతుంది కూడా. మా ఊళ్లో ఎవరో చెప్పారు కదా అని నేరుగా అక్కడికే పోయి గాలమేసిన అమాయకుడు అంతవరకూ పుట్టలేదు. నగరపాలక సంస్థ వచ్చాక పుట్టాడు.

మా పురపాలక సంఘాన్ని నగరపాలక సంస్థ చేసిన కొత్తలో 'ఆహ్లాద నగరం' అని ఏదో పోటీ వచ్చింది. అందులో అడిగిన ప్రశ్నల్లో 'మీ చెరువుల వద్ద చేపలు పట్టు పౌరులకు ప్రామాణిక సమాచారము లభించునా?' అన్నది ఒకటి. మా ఆఫీసులో ఎవరో అన్నింటికీ 'లభించును' అని కొట్టి పంపేశారు. కొన్నాళ్లకు న్యాయనిర్ణేతలు స్వయంగా చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. దాంతో లభింపజేయక తప్పలేదు.

కమిషనర్ మేడమ్ మీటింగు పెట్టి, "ఈ ఆఫీసులో ఫిషింగ్ తెలిసినవాళ్లెవరు?" అని అడిగారు. అందరూ నావైపు చూశారు. స్కూటరుకు కట్టిన గాలం కర్రను అందరూ చూశారు గాని సంచిలోని సొరకాయను ఎవరూ చూడలేదు. నేను లేచి నిలబడి, వినయంగా, కాదనకుండా ఊరుకున్నాను. ఆ ఊరుకోవడంలో ఎంత ఆనందం ఉందో చెప్పలేను. ఇళ్ల నంబర్ల ఫైళ్లు చూసేవాణ్ని మీటింగులో నిలబెట్టి ఎవరైనా ఎన్నడైనా అలా చూశారా?

మా ఇంజనీరు, ఈఈ రాఘవులు గారు గొంతు సవరించుకున్నారు. ఆయన మాట్లాడితే జీవో చదివినట్టుంటుంది. "మేడమ్, స్థానికుల అనుభవజన్య విజ్ఞానమును క్రోడీకరించి, ధ్రువీకరించి, ఫలకముల రూపేణా పౌరులకు అందుబాటులోనికి తేవలసిన ఆవశ్యకత ఎంతైనా గలదు."

"అంటే?"

"బోర్డులు పెట్టాలి మేడమ్."

ఆ క్షణాన నేను అధీకృత మత్స్యస్థల సలహాదారునయ్యాను.

మర్నాడు నగరపాలక సంస్థ జీపులో చెరువుకు పోయాను. కట్ట చుట్టూ తిరిగి, కనిపించిన ప్రతివాణ్నీ ఎక్కడ పడతాయని అడిగాను. అందరూ ఎంతో మర్యాదగా జవాబు చెప్పారు. అలుగు దగ్గర బకెట్టు నిండా జిలేబి చేపలు పెట్టుకుని కూర్చున్న ఆసామి, బకెట్టు మీద తువ్వాలు కప్పి, "ఈడేమున్నయ్ సార్, పంపుహౌస్ దిక్కు పొండ్రి. మస్తు పడ్తయ్," అన్నాడు. పంపుహౌస్ పక్కన ఉన్నవాడు మురుగుకాల్వ కలిసే చోటు చెప్పాడు. ఇంకొకరు వినాయకుల్ని నిమజ్జనం చేసే క్రేన్ దిమ్మె చూపించారు. మరొకాయన చాకిరేవు చూపించి, "సబ్బు వాసనకు బొచ్చెలొస్తయ్ సార్," అని వివరం కూడా ఇచ్చాడు.

వాళ్లెందుకలా చెప్పారో నాకు తెలియదా? తెలుసు. అయినా అన్నీ రాసుకున్నాను. 'వీరందరూ మర్యాద నిమిత్తం అబద్ధం చెప్పినారు' అని ఆఫీసు నోటులో ఎలా పెడతాం? సాయంత్రానికి చెరువులో ఒక్క చేప కూడా తిరగని చోట్లన్నీ నగరపాలక సంస్థ సిఫారసు చేసిన చోట్లయి కూర్చున్నాయి.

మ్యాపు చూసి ఈఈ గారు పెదవి విరిచారు. "అన్నియూ పడు స్థలములే అయినచో ఆడిట్ వారు శంకించెదరు. పడని స్థలము కనీసం ఒక్కటి చూపుము."

నా బుర్ర ఉన్నట్టుండి వెలిగింది. పాత తూము పక్కన బల్లపరుపు రాయి చూపించాను. అక్కడ ఒక బోర్డు పెడితే ఇక ఎవరూ అటు రారు, ఆ రాయి జన్మజన్మలకూ నాదీ యాకూబ్ భాయ్‌దీ అనుకున్నాను. ప్రభుత్వ ఖర్చుతో సొంత పని చేసుకోవడం ఇంత సులువని అంతవరకూ తెలియదు. ఇంటికి పోయి అనసూయకు చెప్పుకుని మురిసిపోయాను. ఆమె నన్ను కాసేపు చూసి, "నువ్వు గాలమేసెటోనివేనా?" అంది. నాకు అర్థం కాలేదు.

బోర్డులు లేచాయి. తూర్పున పంపుహౌస్ మొదలుకొని అన్నిచోట్లా 'ఇచ్చట చేపలు పడును' అని పచ్చరంగులో. మా రాయి దగ్గర ఒక్కచోట ఎర్రరంగులో 'ఇచ్చట చేపలు పడవు. అమూల్యమైన మీ సమయమును వృథా చేసుకొనవలదు.' దానితోపాటు ఒక ఉత్తర్వు కూడా వచ్చింది. ఇకమీదట చెరువుల వద్ద చేపలు పడు స్థలములను గూర్చి అధీకృత సలహాదారు తప్ప అన్యులు సలహా ఇవ్వరాదట. ఆ వారమే ఎవరో తన బావమరిదితో "అటు కూసో" అన్నందుకు శానిటరీ ఇన్‌స్పెక్టర్ పట్టుకున్నాడు. నీడ ఉందని చూపించాను గాని చేపల కోసం కాదని అతడు రాసిచ్చాక వదిలిపెట్టారు.

ఆదివారం నేను దొరబాబులా నా రాయి దగ్గరికి పోయాను. అక్కడ గాలమేసేవాళ్లు సంతలో నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు. ఊళ్లో గాలం పట్టిన ప్రతివాడూ అక్కడే ఉన్నాడు. చెరువు మొత్తం మీద ఒక్కచోటే పడవని రాసి పెట్టాక వాళ్లింకెక్కడికి పోతారు? బల్లపరుపు రాయి మీద యాకూబ్ భాయ్ ఒక కాలు మాత్రం పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఈ బోర్డు నువ్వే పెట్టిచ్చినవా సారూ?"

"ఎవరు రావద్దని పెట్టిచ్చిన భాయ్."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "గాలమేసెటోనికి పడవని చెప్తవా? నౌకరిల పడి మర్యాదలన్ని మర్శిపోయినవా?"

ఇక రెండోవైపు, పచ్చబోర్డుల దగ్గర, బోర్డుల సంగతి పేపర్లో చూసి వచ్చిన కుటుంబాలు దుప్పట్లు పరుచుకుని, టిఫిన్ డబ్బాలు పెట్టుకుని కూర్చున్నాయి. పొద్దుగూకేదాకా ఎవరికీ ఒక్క పరక చేప కూడా పడలేదు. మురుగుకాల్వ దగ్గర ఒకాయనకు మాత్రం చెప్పు పడింది. రెండోది కూడా పడుతుందని ఆయన చీకటి పడేదాకా చూశాడట.

సోమవారం ఫిర్యాదుల మీద మీటింగు. నేను చెమటలు కక్కుతున్నాను. ఈఈ గారు మాత్రం నిబ్బరంగా ఉన్నారు. "సలహాలో లోపము లేదు మేడమ్. ఆమోదము పొందిన సలహా. చేపల స్పందనయే సంతృప్తికరముగా లేదు."

"అయితే చేపలకు అవగాహన కల్పించాలి," అన్నారు మేడమ్. ఆమె నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు.

పచ్చబోర్డుల దగ్గర బస్తాలకొద్దీ తవుడు చల్లించాం. చేపలు రాలేదు గాని బర్రెలు వచ్చాయి. బర్రెలను తోలడానికి మనుషుల్ని పెట్టాం. ఆ సందడికి బెదిరి, చుట్టుపక్కల ఉన్న ఒకటీ అరా చేపలు కూడా పాత తూము దగ్గరికి పోయి ఉంటాయి, ఎర్రబోర్డు దగ్గర జిలేబి చేపలు బకెట్ల కొద్దీ పడడం మొదలైంది. దీన్ని ఈఈ గారు తీవ్రంగా పరిగణించారు. రికార్డు ప్రకారం చేపలు పడని చోట చేపలు పడడం రికార్డును ధిక్కరించడమని, వాటిని తిరిగి నీళ్లలో వదిలించవలసిన బాధ్యత సలహాదారుదేనని రాశారు.

అలా నేను ఆదివారాలు గాలం వదిలేసి, మెడలో కార్డు వేసుకుని, బకెట్లు తనిఖీ చేయసాగాను. "రికార్డు ప్రకారం ఇక్కడ చేపలు పడవు. కనుక మీకు పడలేదు," అని చెప్పేవాణ్ని.

"మరి బకెట్ల ఉన్నయేంది సార్?"

"అది విచారణలో తేలుతుంది."

చెబితే నమ్మరు గాని, నాకు ఆ పని బాగుండేది. ఇన్నేళ్లుగా చేపల కోసం ఎదురుచూసినవాణ్ని, ఇప్పుడు ఏది చేపో ఏది కాదో నేను చెబుతున్నాను! పోట్లాడి పోట్లాడి విసిగిపోయి జనం తగ్గారు. చివరికి యాకూబ్ భాయ్ ఒక్కడే మిగిలాడు. ఆయనకు ఎలాగూ ఏమీ పడదు కాబట్టి నాకు ఇబ్బంది లేదనుకున్నాను.

న్యాయనిర్ణేతలు వచ్చారు. మేడమ్, ఈఈ గారు, నేను వాళ్లను పంపుహౌస్ బోర్డు దగ్గరికి తీసుకుపోయాం. అక్కడ మా శానిటేషన్ సిబ్బందే గాలాలు పట్టుకుని పౌరుల్లా కూర్చున్నారు. ఎంతసేపటికీ ఏమీ పడలేదు. పెద్ద న్యాయనిర్ణేత గడియారం చూసుకుంటున్నాడు. అప్పుడే పడమటి మూల నుంచి పెద్ద కేక వినపడింది. ఆ గొంతు నాకు తెలుసు.

అందరం పరుగెత్తాం. గడ్డి మీద బొచ్చె. అంత పెద్దది మా చెరువులో ఉందని నాకు తెలియదు. పొలుసులు కొత్త రూపాయి బిళ్లల్లా మెరుస్తున్నాయి. యాకూబ్ భాయ్ మోకాళ్ల మీద కూర్చుని, దాని మొప్పల్లో వేళ్లు పెట్టి, మెల్లగా లేచి నిలబడ్డాడు. నన్ను చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆయన ఇప్పుడు ఇలాగే గల్లీ మొదటి నుంచి నడుస్తాడు కదా అనిపించింది.

"అద్భుతం!" అన్నాడు పెద్ద న్యాయనిర్ణేత. తర్వాత తలెత్తి ఎర్రబోర్డు చదివాడు. "మరి ఇక్కడ పడవని రాశారే?"

మేడమ్ ఈఈ గారి వైపు చూశారు. ఈఈ గారు నావైపు చూశారు. అందరూ నావైపు చూశారు. బోర్డు కింద నా పేరు కూడా ఉంది. నా ఉద్యోగం, పెన్షను, మీటింగులో లేచి నిలబడ్డ ఆ రోజు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. నోరు దానంతటదే మాట్లాడింది. "సార్, ఈ చేప పంపుహౌస్ దగ్గర ఎర అందుకుంది. ఈదుకుంటూ వచ్చి ఇక్కడ బయటపడింది."

"అనగా పడుట వేరు, తీయుట వేరు," అని ఈఈ గారు వెంటనే అందుకున్నారు.

న్యాయనిర్ణేతకు అది బాగా నచ్చింది. "అయితే ఫొటో పంపుహౌస్ దగ్గరే తీయాలి," అన్నారు మేడమ్.

యాకూబ్ భాయ్ చేపను వదల్లేదు. "సారూ," అన్నాడు, "ఇది యాడ పడ్డదో నువ్వు జెప్పు."

"పంపుహౌస్ కాడ, భాయ్."

ఇన్నేళ్లలో మొదటిసారి ఆయనతో, దారిన పోయేవాడితో మాట్లాడినట్టు మాట్లాడాను. ఆయనకు అర్థమైంది. "అట్లనా," అన్నాడు. అడిగినవాడు అనవలసిన మాట అదే. మొప్పల్లోంచి ఒక్కొక్క వేలూ తీసుకుని, చేపను గడ్డి మీద పెట్టి, గాలం చుట్టుకుని, ఖాళీ చేతుల్తో కట్ట దిగి వెళ్లిపోయాడు. చేపను నా చేతుల్లో పెట్టారు. నవ్వమన్నారు, నవ్వాను.

మా నగరానికి ద్వితీయ బహుమతి వచ్చింది. చేపను ప్రదర్శన నిమిత్తం ఈఈ గారి ఛాంబర్‌లో ఉంచారు. వాసన మొదలయ్యాక పారిశుధ్య విభాగానికి బదిలీ చేశారు. కట్ట మీద నా ఫొటో లేచింది.

అనసూయ ఫొటో చూడ్డానికి వచ్చి చాలాసేపు నిలబడింది. "చేప ఎవలది?" అంది.

"ఫొటోలో నేనే ఉన్నాను కదా."

"నీకు పడితె ముందుగాల ఇంటికి తెచ్చి నాకు చూపిచ్చేటోనివి. ఎవలది?"

చెప్పాను. ఆమె వెనక్కి తిరిగి కట్ట దిగిపోయింది. ఏదో ఒకటి అంటే బాగుండేది. నాకు సిగ్గుతో ఆ రాత్రి అన్నం సహించలేదు.

యాకూబ్ భాయ్ ఆదివారాలు రావడం మానేశాడు. ఇంటికి పోతే లోపలి నుంచి లేడనిపించాడు. నాకు తోచింది ఒక్కటే. 'మారిన పరిస్థితుల దృష్ట్యా పాత తూము స్థలమును పునర్వర్గీకరించవలసియున్నది' అని నోటు పెట్టాను. ఈఈ గారు చదవకుండా సంతకం చేశారు. మా రాయి దగ్గర ఎర్రబోర్డు పోయి పచ్చబోర్డు వచ్చింది. 'ఇచ్చట చేపలు పడును.' నగరపాలక సంస్థ రాసిన బోర్డుల్లో నిజం అదొక్కటే.

మరుసటి ఆదివారం రాయి దగ్గర నరమానవుడు లేడు. గాలమేసేవాళ్లు బోర్డు చూసి నవ్వుకుంటూ పోయారు. పేపరు చదివేవాళ్లు మురుగుకాల్వ చెప్పు సంగతి తెలిశాక ఏ పచ్చబోర్డు దగ్గరికీ రావడం లేదు. రాయి మొత్తం నాదే. ఒక కొసన కూర్చుని, రెండో కొస చూసుకుంటూ గాలమేశాను.

కాసేపటికి అవతలి గట్టు మీద యాకూబ్ భాయ్ కనిపించాడు. తల వంచుకుని, నావైపు చూడకుండా కూర్చుని ఎర గుచ్చుకుంటున్నాడు. ఆ గట్టు మీద మోకాలు లోతు నీళ్లు కూడా లేవు.

"భాయ్!" అని పిలిచాను. "ఈడికి రా. ఈడ మంచిగ పడ్తయ్!"

వినపడింది. ఎందుకంటే ఆయన లేచి, ఇంకాస్త దూరం పోయి కూర్చున్నాడు. అధీకృత సలహాదారు పిలిచి మరీ పడతాయని చెబితే ఎవరు వస్తారు? నేను బోర్డు కింద బొమ్మలా కూర్చుండిపోయాను. ఇన్నాళ్లూ చెప్పిన అబద్ధాలతో రాని చేటు ఈ ఒక్క నిజంతో వచ్చినట్టనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది, నేను అసలు గాలమేసేవాణ్ని కదా అని.

రాయి మీద లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాను. "భాయ్! నువ్వు కూసున్న కాడనే మస్తు పడ్తయ్! ఆడనుంచి లేవకు! ఈడ ఒక్కటి లేదు! ఇటు రానే రాకు!"

ఆయన చెయ్యి ఎర మీదే ఆగింది. తల ఎత్తలేదు. కొంచెంసేపటికి ఆయన భుజాలు కదలడం కనిపించింది. నవ్వుతున్నాడో ఏమో అంత దూరం నుంచి తెలియలేదు.

"అట్లనా!" అని కేకేశాడు. లేచి, గాలం చుట్టుకుని, గట్టు తిరిగి ఇటు నడవసాగాడు. అధీకృత సలహాదారుగా నేనిచ్చిన సలహాల్లో పనికొచ్చింది అదొక్కటే.

వచ్చి పచ్చబోర్డు చదివి, ఉమ్మేసి, రాయి మీద తన కొసన కూర్చున్నాడు. నేను ఏదో చెప్పబోయాను.

"మాట్లాడకు. చేపలు బెదుర్తయ్."

సరేనని ఊరుకున్నాను. ఆయన గాలమేశాడు, నేనూ వేశాను. బెండ్లు రెండూ పక్కపక్కన తేలుతున్నాయి. నా గుడ్డసంచి మా ఇద్దరి మధ్య ఉంది. ఆయన పక్కన ఏమీ లేదు.

"ఇయ్యాల గూడ సంచి తేలేదా భాయ్?" అన్నాను మెల్లగా.

"సంచెందుకు సారూ?" అన్నాడు యాకూబ్ భాయ్, నీళ్ల మీది నుంచి చూపు తిప్పకుండా.